కంప్యూటర్‌కు పసిరికలా? మానిటర్ మీద బొమ్మ చెడితే ఎట్లా చూడాలె



ఈ నెల మన గోడ పత్రికలో సైన్సు పాఠం నన్ను రాయమన్నరు. గుండె గురించి రాద్దామా, కిరణజన్య సంయోగక్రియ గురించి రాద్దామా అనుకున్న. అవి పుస్తకంలనే ఉన్నయి. పుస్తకంలో లేనిది, మన కంప్యూటర్ గదిలో జరిగినది ఒకటి ఉన్నది. దానినే రాస్తున్నాను. ఇది కొంచెం పొడుగైంది. నిలబడి చదవాలె కాబట్టి కాళ్లు నొస్తే రెండు దఫాలుగా చదవండి.

ఏం జరిగింది?

దసరా సెలవులు అయిపోయినంక ఒక సోమవారం నాడు మూడో నంబరు కంప్యూటర్ పెట్టినం. తెర అంతా పచ్చగా వచ్చింది. ఆకుపచ్చ కాదు, పసుపు పచ్చ. తెల్లగా ఉండవలసిన కాగితం పసుపు నీళ్లల్ల ముంచిన బట్ట లెక్క ఉన్నది. నీలం ఉండవలసిన చోట నల్లగా ఉన్నది. అక్షరాలు మాత్రం కనపడుతున్నయి.

అందరం చుట్టూ మూగినం. ఒకామె "కంప్యూటర్‌కు పసిరికలైనయే" అన్నది. పసిరికలు అనగా పచ్చకామెర్లు. అందరం నవ్వినం. "ఆకు పసరు పోద్దామా మరి" అని ఇంకొకామె అన్నది. ఇంకా నవ్వినం.

నవ్వు అయిపోయినంక "చివరికి దీని మీద ఎవరు కూసున్నరు?" అనే మాట వచ్చింది. శనివారం చివరి పీరియడు ఆరో తరగతిది. మూడో నంబరు మీద కూసున్నది ఒక చిన్న చెల్లె. పేరు రాయను. వాళ్లది మా గూడెం పక్క గూడెమే. వాళ్ల ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషి ఆమెనే. మా ఇంట్లో నేను ఎట్లనో ఆమె కూడా అట్లనే.

"ఏం నొక్కినవే?" అని అడిగినం.

"నేనేం నొక్కలే అక్కా. నా పేరు కొట్టిన. అంతే" అన్నది.

ఎవ్వరం నమ్మలే. తెర మీద "చెడిపోయింది. ముట్టుకోరాదు" అని కాగితం అతికినం. ఒకటి తగ్గింది గనుక మిగిలిన వాటి దగ్గర ఒక్కొక్కదానికి నలుగురం కూసోవలసి వచ్చింది. దానికి కూడా అందరూ ఆ చెల్లెనే అన్నరు. తర్వాతి కంప్యూటర్ పీరియడుకు ఆమె కడుపునొస్తుందని చెప్పి రాలే. రాత్రి అన్నం లైనులో నా వెనక నిలబడి "అక్కా, కొత్తది ఎంతయితది? మా నాయనకు రాస్తరా?" అని అడిగింది. వాళ్ల నాయన మిర్చి ఏరే కూలికి పోతడు. నాకు జవాబు తెలువలే.

ఈ సంగతి తెలిసి సైన్సు మేడం గారు కాగితం పీకేసి ఒక మాట అన్నరు. "ఎవరు చెడగొట్టిన్రు అనేది తర్వాత. ఏది చెడింది అనేది ముందు చూడండి." మాకు ఒక నోటుబుక్కు ఇచ్చి చూసినదంతా అందులో రాయమన్నరు. ఈ పాఠం ఆ నోటుబుక్కు నుండే వచ్చింది.

బొమ్మ నడిచే తొవ్వ

తెర మీద చెడు కనపడితే తెరనే చెడింది అనుకుంటాము. అది తప్పు. నల్లాలో ఎర్ర నీళ్లు వస్తే నల్లా మారిస్తే లాభం లేదు కదా. ట్యాంకు చూడాలె, పైపు చూడాలె, అప్పుడు నల్లా చూడాలె. బొమ్మకు కూడా అట్లనే ఒక తొవ్వ ఉన్నది.

1. ఫైలు, ఫాంటు, సెట్టింగులు. ఇవి కంప్యూటర్ లోపల ఉండే లెక్కలు.
2. గ్రాఫిక్స్ భాగం. మనం సీపీయూ అని పిలిచే డబ్బాలో ఉంటది. లెక్కలను బొమ్మగా తయారు చేసి బయటికి పంపుతది.
3. కేబుల్. డబ్బా నుండి మానిటర్‌కు బొమ్మను మోసేది ఇదే.
4. మానిటర్. వచ్చిన దాన్ని వెలుగుగా చూపిస్తది.

ఈ నాలుగింటిలో ఎక్కడ చెడినా మనకు కనపడేది మాత్రం తెర మీదనే. అందుకే తిట్లన్నీ తెరకు, తెర ముందు కూసున్న మనిషికి పడతయి.

మూడు పరీక్షలు

మొదటి పరీక్ష: మెనూ బటన్. మానిటర్ కింద గాని పక్కన గాని చిన్న బటన్లు ఉంటయి. అందులో మెనూ అనేది నొక్కితే ఒక చిన్న పెట్టె కనపడుతది. వెలుతురు ఎంత, రంగు ఎంత అని చూపిస్తది. ఈ పెట్టె కంప్యూటర్ నుండి వచ్చేది కాదు. మానిటర్ తన సొంతంగా గీసుకునేది. కావున తెర వంకరగా ఉండి, ఈ పెట్టె మాత్రం చక్కగా ఉంటే మానిటర్ మంచిగనే ఉన్నదని అర్థం. పెట్టె కూడా చెడి కనపడితే మానిటర్ మీదనే అనుమానం పెట్టుకోవాలె.

మేము నొక్కినం. పసుపు తెర నడుమ మెనూ పెట్టె తెల్లగా వచ్చింది. దాని మీద నీలం పట్టీ నీలంగనే ఉన్నది. అంటే మానిటర్‌కు నీలం రంగు చూపించడం వస్తది. మరి నీలం దాని దాకా వస్తలేదు.

రెండో పరీక్ష: కేబుల్ పీకి చూడటం. అన్నీ బంద్ చేసి, కేబుల్ తీసి, ఒక్క మానిటర్‌నే పెట్టినం. సిగ్నల్ లేదు అని ఇంగ్లీషులో రాసిన పెట్టె వచ్చింది. అది కూడా మంచి రంగుల్లోనే వచ్చింది. మానిటర్ మంచిగుందనడానికి ఇది రెండో సాక్ష్యం.

మూడో పరీక్ష: మార్చి చూడటం. ఇక్కడ మేము ముందు ఒక తప్పు చేసినం. నాలుగో నంబరు మానిటర్‌ను దాని కేబుల్‌తో సహా తెచ్చి మూడో నంబరు డబ్బాకు పెట్టినం. తెర తెల్లగా వచ్చింది. చప్పట్లు కొట్టినం. మేడం గారు "ఇప్పుడు చెప్పండి, చెడింది మానిటరా, కేబులా?" అని అడిగిన్రు. ఎవ్వరికీ రాలే. ఎందుకంటే రెండూ ఒక్కసారే మార్చినం. ఒకసారికి ఒక్కటే మార్చాలె. ఇది కూరలో ఉప్పు, కారం రెండూ ఒక్కసారే వేసి ఏది ఎక్కువైందో తెలువక కూసున్నట్టు.

మళ్లీ మొదటి నుండి చేసి నోటుబుక్కులో ఇట్లా రాసినం.

మూడో డబ్బా, మూడో కేబుల్, మూడో మానిటర్: పసుపు.
నాలుగో డబ్బా, మూడో కేబుల్, మూడో మానిటర్: పసుపు.
మూడో డబ్బా, నాలుగో కేబుల్, మూడో మానిటర్: తెలుపు.

రెండో వరుస చూడండి. డబ్బా మారినా పసుపు పోలే. కాబట్టి డబ్బాది తప్పు కాదు. మూడో వరుస చూడండి. కేబుల్ మారితే పసుపు పోయింది. కాబట్టి తప్పు కేబుల్‌ది.

పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చగా కనపడుతది అంటరు. లోకం పచ్చగా లేదు. మా తెరకు కూడా ఏమీ కాలేదు. నడుమ ఉన్న తొవ్వలో ఏదో అయింది.

పసుపే ఎందుకు వచ్చింది?

నాకు అన్నిటికంటే ఇదే మంచిగ అనిపించింది.

మన మానిటర్లకు ఉన్నది వీజీఏ కేబుల్. ఐబీఎం అనే అమెరికా కంపెనీ 1987లో దీనిని తెచ్చింది. మా అమ్మ పుట్టకముందే వచ్చింది. ఇప్పుడు కొత్త మానిటర్లకు హెచ్‌డీఎంఐ అనే వేరే కేబుల్ వస్తున్నది. కాని బళ్లల్లో, ఆఫీసుల్లో వీజీఏ ఇంకా నడుస్తనే ఉన్నది. దాని మూతిలో మూడు వరుసలు ఉంటయి. వరుసకు 5 చొప్పున 15 పిన్నులు. అందులో

1వ పిన్ను ఎరుపును మోస్తది.
2వ పిన్ను ఆకుపచ్చను మోస్తది.
3వ పిన్ను నీలాన్ని మోస్తది.
13, 14 పిన్నులు బొమ్మ ఎక్కడ మొదలు పెట్టాలె, ఏ గీత తర్వాత ఏ గీత అనే తాళం వేస్తయి.

మూడు రంగులతోనే అన్ని రంగులూ ఎట్లా వస్తయి? హోలీకి రంగు నీళ్లు కలిపితే వేరు, వెలుగులు కలిపితే వేరు. రంగు నీళ్లు ఎన్ని కలిపితే అంత మురికిగా, నల్లగా అవుతది. వెలుగులు కలిపితే తెల్లగా అవుతది.

ఎరుపు + ఆకుపచ్చ + నీలం = తెలుపు
ఎరుపు + ఆకుపచ్చ = పసుపు
ఆకుపచ్చ + నీలం = లేత ఆకాశ రంగు
ఎరుపు + నీలం = ముదురు గులాబి

మూడు బ్యాటరీ లైట్లకు మూడు రంగుల గాజు కాగితాలు కట్టి చీకటి గదిలో గోడ మీద వేసి చూడండి. మేము చూసినం. అచ్చం పుస్తకంలో లెక్క కాలేదు కాని ఎరుపు, ఆకుపచ్చ కలిసిన చోట పసుపు మాత్రం వచ్చింది.

కావున తెలుపులో నుండి నీలం తీసేస్తే మిగిలేది పసుపు. నీలం రంగు ఉన్న చోట నీలం తీసేస్తే ఏమీ మిగలదు, నలుపు అవుతది. మన తెర మీద కూడా అదే అయింది. అంటే కేబుల్ విప్పి చూడకముందే 3వ పిన్ను మీద అనుమానం చెప్పవచ్చును. మేడం గారు చెప్పలే. మాతోనే చెప్పించిన్రు.

అన్ని స్విచ్చులు బంద్ చేసి కేబుల్ మూతి వెలుగుకు పట్టి చూసినం. పై వరుసలో నడిమి పిన్ను పక్కకు ఒరిగి పడుకున్నది. అదే 3వ పిన్ను.

(ఒక జాగ్రత్త. చాలా కేబుళ్లలో రెండో వరుసలో 9వ పిన్ను మొదటి నుండే ఉండదు. అది చూసి విరిగింది అని భయపడరాదు.)

మేడం గారు సన్న సూదితో పిన్నును మెల్లగా లేపి, ముల్లు తీసే చిమటాతో పట్టి నిలబెట్టిన్రు. ఒక్కసారికే చేసిన్రు. అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే పిన్ను విరుగుతదట. కేబుల్ పెట్టి, రెండు పక్కల మరలు బిగించి, స్విచ్చి వేసినం. తెర తెల్లగా వచ్చింది.

నేను రాయవలసిన సంగతి

పిన్ను దానంతట అది వంగదు. నొక్కే బటన్లకు, పేరు కొట్టడానికి, పిన్నుకు ఏ సంబంధం లేదు. కేబుల్ పీకి మళ్లీ గుచ్చేటప్పుడే పిన్ను వంగుతది. శనివారం పీరియడుకు, సోమవారానికి నడుమ కేబుల్ ఎవరు పీకిన్రు?

ఆదివారం కంప్యూటర్ గది కడిగినం. బల్లలు జరిపినం. కడిగింది తొమ్మిదో తరగతి. మూడో నంబరు కేబుల్ గుచ్చింది నేను. బల్ల వెనక చీకటి ఉండె. మూతికి ఒక దిక్కు వెడల్పు, ఒక దిక్కు ఇరుకు ఉంటదని చూడలే. పోకపోతే బలంగా నూకిన. తిప్పి మళ్లీ నూకిన. పోయింది అనుకున్న.

సోమవారం నాడు ఇది నాకు నిజంగా యాదికి రాలే. కాని "ఏం నొక్కినవే?" అని ఆ చెల్లెను అడిగిన వాళ్లల్ల నేను కూడా ఉన్న. అన్నం లైనులో ఆమె అడిగినప్పుడు "నువ్వు చెయ్యలే తీయ్" అని ఒక్క మాట చెప్పలే. పిన్ను కనపడ్డ రోజు మేడం గారికి చెప్పిన. అదే రోజు సాయంత్రం ఆ చెల్లెకు చెప్పిన. గోడ పత్రికలో కూడా రాస్తనని చెప్పిన. ఆమెను అన్నప్పుడు అందరూ విన్నరు కాబట్టి ఇది కూడా అందరూ చదవాలె.

ఆరో తరగతిల నేను కూడా మౌస్ ముట్టుకోవడానికి భయపడేదాన్ని. మా ఇంట్లో కోయ మాట్లాడుతం. ఇక్కడ తెలుగు, మెషిన్ల ఇంగ్లీషు. ఏది నొక్కితే ఏమైతదో, ఎవరు ఏమంటరో అని చేతులు ఒళ్లో పెట్టుకుని కూసునేదాన్ని. అట్లా కూసుంటే రాదు.

ఇంకా ఏ రకంగా చెడవచ్చును?

మేడం గారు చెప్పినవి, మేము చూసినవి కలిపి రాస్తున్నాను. మీ దగ్గర ఇట్లా అయితే పనికొస్తది.

1. బొమ్మ అడ్డంగా సాగి, మనుషులు లావుగా కనపడితే: ఇది చెడటం కాదు, సెట్టింగు. మన మానిటర్లు అడ్డంగా 1366 చుక్కలు, నిలువుగా 768 చుక్కలు ఉన్నవి. కంప్యూటర్ 1024 చుక్కల బొమ్మ పంపితే మానిటర్ దాన్ని 1366కు సాగదీస్తది. గుండ్రని చక్రం మూడో వంతు వెడల్పై గుడ్డు లెక్క అవుతది. డిస్‌ప్లే సెట్టింగులో సరైన రిజల్యూషన్ పెడితే పోతది.

2. సెట్టింగు మార్చినంక తెర నల్లగా అయితే: ఏమీ ముట్టుకోకండి. 15 సెకన్లు లెక్కపెట్టండి. మనం సరే అనకపోతే విండోస్ తానే పాత సెట్టింగుకు పోతది. చాలా మంది ఆ 15 సెకన్లు ఆగలేక స్విచ్చి పీకుతరు.

3. బొమ్మ తలకిందులైతే: కొన్ని కంప్యూటర్లలో కంట్రోల్, ఆల్ట్, బాణం మీటలు ఒక్కసారే నొక్కితే బొమ్మ తిరుగుతది. అవే రెండు మీటలు పట్టుకొని పై బాణం నొక్కితే నిలబడుతది. అట్లా కాకపోతే డిస్‌ప్లే సెట్టింగులో సరిచేయవచ్చును.

4. అలల లెక్క పట్టీలు మెల్లగా పైకి పోతుంటే: డబ్బాకు ఒక ప్లగ్గు, మానిటర్‌కు దూరంగా ఇంకో ప్లగ్గు ఉంటే, రెండింటి ఎర్తుకు తేడా వచ్చి ఇట్లా కావచ్చును. రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టాలె. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను ఎన్నడూ తీసేయరాదు. మన దంతాలపల్లి దిక్కు పొలాల మోటర్లు అన్నీ ఒక్కసారే నడిస్తే లైట్లు మినుకుమంటయి చూడండి. అప్పుడు తెర కూడా మినుకుమంటే అది కంప్యూటర్ తప్పు కాదు. ఆ ఫేజుకు స్టెబిలైజరు గాని యూపీఎస్ గాని పెట్టాలె.

5. బొమ్మ వాలిపోయి, చీలి, ఉరుకుతుంటే: 13, 14 పిన్నుల దగ్గర కేబుల్ వదులైందేమో చూడాలె. మరలు బిగించాలె. బొమ్మ నిలబడక ఒక్కోసారి సిగ్నల్ లేదు అని కూడా వస్తది.

6. గళ్లు, రంగు చుక్కలు, ముక్కలు ముక్కలుగా కనపడితే: ప్రింట్ స్క్రీన్ మీట నొక్కి బొమ్మను దాచి, వేరే కంప్యూటర్‌లో తెరవండి. అక్కడ కూడా చెడి కనపడితే తప్పు డబ్బా లోపలిది. అక్కడ మంచిగుంటే తొవ్వలో తర్వాతి భాగాలను చూడాలె. విండోస్ 10, 11లో అయితే విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ నడిపే ప్రోగ్రాం మళ్లీ మొదలైతది. ఒక్కోసారి దానితోనే పోతది. దుమ్ముతో ఫ్యాను మూసుకుపోయి వేడెక్కినా గళ్లు వస్తయి. డబ్బా విప్పడం మాత్రం పెద్దవాళ్ల పని.

7. ఒకే చోట నిలువు గీత ఉండి, మెనూ పెట్టె మీదికి కూడా వస్తే: ఇది నిజంగా తెరదే. లోపలి సన్న అతుకు ఊడి ఉండవచ్చును. తొర్రూరు పంపవలసిందే.

8. తెర బాగుండి తెలుగు అక్షరాలే చెడితే: ఇది ఫాంటు సంగతి. పాత తెలుగు కాగితాలు చాలా వరకు అను ఫాంట్లలో కొట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తయి. యూనికోడ్ అనే లెక్కలో తెలుగుకు 1991 నుండే సొంత స్థలం ఉన్నది. అందులో కొట్టినది ఎక్కడికి పంపినా తెలుగుగానే పోతది. చదివే కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు లేకపోతే మాత్రం డబ్బాలు డబ్బాలుగా కనపడుతది.

మీకు తెలుసా?

మన మానిటర్ మీద చుక్కలు 1366 × 768 = 10,49,088. ఒక్కొక్క చుక్కలో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చిన్న వెలుగులు ఉంటయి. ఎండాకాలం మేము తునికాకు కోసి 50 ఆకులకు ఒక కట్ట కడతం. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క ఆకు అనుకుంటే తెర మీద 20,981 కట్టలు, ఇంకా 38 ఆకులు అవుతయి. వెయ్యి కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే సుమారు 21 బ్యాగులు. మామూలుగా ఈ చుక్కలన్నిటినీ మానిటర్ సెకనుకు 60 సార్లు కొత్తగా దిద్దుతది.

పాత పెట్టె మానిటర్ల సంగతి

ఇంతకు ముందు మానిటర్లు, టీవీలు వెనక పెద్ద గూని ఉన్న పెట్టెలు. అందులో గాజు పిక్చర్ ట్యూబు ఉంటది. ఇటువంటి ట్యూబును 1897లో జర్మనీ దేశపు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారు చేసిన్రు. వెనక నుండి ఎలక్ట్రాన్లు వచ్చి ముందు గాజుకు పూసిన పొడిని తాకితే అది వెలుగుతది. మన రాష్ట్రంలో కూడా అటువంటి టీవీలు తయారైనయి. హైదరాబాదులో 1967లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ మొదలైంది. దానిని నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావు గారు. ఈసీ టీవీలు అక్కడివే. 1969లో టీడీసీ 12 అనే కంప్యూటర్ కూడా అక్కడనే తయారైంది.

పెట్టె తెరకు అయస్కాంతం పడదు. మా గూడెంలో ఒకరింట్లో పెట్టె టీవీ ఉండె. చెడిపోయిన స్పీకర్ అయస్కాంతం తెచ్చి పిల్లలం తెర మీద పెట్టి ఆడినం. అక్కడ ఆకుపచ్చ, గులాబి మరక పడ్డది. తుడిస్తే పోలే. దెయ్యం పట్టిందన్నరు. ఎందుకైందో నాకు ఈ ఏడే తెలిసింది. అయస్కాంతం ఎలక్ట్రాన్ల తొవ్వను వంచుతది. ఎరుపు మీద పడవలసినవి పక్క రంగు మీద పడతయి. తెర లోపలి సన్న ఇనుప జల్లెడకు అయస్కాంత గుణం పట్టుకుంటే అయస్కాంతం తీసినా మరక ఉంటది. పెట్టె మానిటర్లలో దీనికి డీగాస్ అనే బటన్ ఉండేది. నొక్కితే తెర ఒక్కసారి వణికి, తుంగ్ అని చప్పుడై, మరక పోయేది. ఇప్పటి పలక మానిటర్లలో ఎలక్ట్రాన్ల ధార లేదు. కావున ఆ మరక రాదు, ఆ బటనూ లేదు.

చేయరాని పనులు

పెట్టె మానిటర్ గాని టీవీ గాని మూత విప్పరాదు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. రంగుల పిక్చర్ ట్యూబు దగ్గర 20 వేల నుండి 30 వేల వోల్టుల దాకా ఉంటది. ప్లగ్గు తీసినంక కూడా కొంత సేపు నిలువ ఉంటది.

పాత పిక్చర్ ట్యూబు పగలగొట్టరాదు. గాజులో సీసం ఉంటది. రాగి తీగ కోసం కొందరు పగలగొడతరు. మన ఊళ్లల్ల కూడా చూసిన.

పలక తెరను వేలుతో గట్టిగా ఒత్తరాదు. నీళ్లు చల్లి తుడవరాదు. ఆరిన మెత్తటి బట్ట చాలు.

కేబుల్ పోకపోతే నూకరాదు. తీసి, మూతి చూసి, వెడల్పు దిక్కు వెడల్పుకు పెట్టి, నిటారుగా గుచ్చాలె. ఇది నేను అందరికంటే బాగా నేర్చుకున్న.

చివరగా

ఇప్పుడు ప్రతి కేబుల్‌కు తెల్ల కాగితం చుట్టి నంబరు రాసినం. గది కడిగే రోజు కేబుళ్లు పీకేది, పెట్టేది ఇద్దరు. ఒకరు లైటు పడతరు, ఒకరు గుచ్చుతరు. లైటు పట్టే పని ఆ చెల్లె అడిగి తీసుకున్నది. మొన్న నేను గుచ్చబోతుంటే "ఆగు అక్కా, అది తలకిందులు" అన్నది. నిజంగనే తలకిందులే.

ప్రశ్నలు (జవాబులు చీటీ మీద రాసి మీ పేరు, తరగతితో తొమ్మిదో తరగతి కిటికీలో వేయగలరు)

1. తెల్ల కాగితం లేత ఆకాశ రంగులో కనపడితే ఏ పిన్ను అందుతలేదు?
2. 2వ పిన్ను వంగితే తెలుపు ఏ రంగుగా మారుతది? ఆకుపచ్చ ఆకు ఏ రంగుగా కనపడుతది?
3. మెనూ పెట్టె చక్కగా ఉన్నది, ప్రింట్ స్క్రీన్ బొమ్మ కూడా వేరే కంప్యూటర్‌లో చక్కగా ఉన్నది. కాని తెర మీద బొమ్మ చెడి ఉన్నది. ముందు ఏది మార్చి చూస్తరు? ఎందుకు?

సరైన జవాబులు వచ్చే నెల ఇక్కడనే రాస్తం. నా రాతలో తప్పులుంటే పెన్సిల్‌తో దిద్దగలరు. ఇక సెలవు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని